ముక్కులేని లారీ సామాన్లు

గుమ్మిపుట్టు,
అక్టోబరు 6

ప్రియమైన తమ్ముడు టైటస్‌కి,

ప్రభువు దయవల్ల నేను క్షేమం. నువ్వూ మరదలు జాయ్సూ క్షేమమని తలుస్తాను. ఫోను ఈ కొండ మీద పలకదు కాబట్టి బస్సు కండక్టరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

నాన్న లారీ ఉన్న మిషన్ షెడ్డు తీసేస్తున్నారు. అక్కడ ఆడపిల్లల హాస్టలు కడతారు. మంచి పనే. డిసెంబరు ఎనిమిదిన, నిష్కళంక మాత పండుగ నాడు శంకుస్థాపన. పాత ఇనుము వ్యాపారి ఒకాయన టేపు పట్టుకుని వచ్చాడు. "ఏటమ్మా ఈ బండి, దీని ముక్కేది?" అన్నాడు. విదేశం నుంచి మిషన్ వాళ్ళు తెప్పించిందనీ, ఇంజను డ్రైవరు పక్కనే క్యాబిన్‌లో ఉంటుందనీ, అందుకే కొండ మీద అందరూ ముక్కులేని లారీ అంటారనీ చెప్పాను. నాన్న రిటైరైన రోజు మిషన్ వాళ్ళు ఆయనకే ఇచ్చేశారనీ చెప్పాను. అతను కొలతలు రాసుకున్నాడు. ఉన్నచోటే గ్యాసుతో కోసి, ముక్కలు చేసి పట్టుకుపోతాడట.

నేను చర్చి గురువుగారిని గడువు అడిగాను. డిసెంబరు ఏడో తారీఖు సాయంత్రానికి బండి తనంతట తాను గేటు దాటితే మనది. లేకపోతే అతను కోసుకుంటాడు.

మన ధర్మ రోజూ వచ్చి పని చేస్తున్నాడు. నాన్న దగ్గర పాతికేళ్ళు క్లీనరుగా ఉన్నవాడికి ఒకరు చెప్పక్కరలేదు. ఇంజను పట్టేయలేదు, చేత్తో తిప్పితే తిరుగుతోంది. కావలసినవి ధర్మ చెప్పగా వెనకవైపు రాశాను.

నువ్వు వచ్చి చూస్తే బాగుంటుంది.

నీ కోసం రోజూ ప్రార్థించే
అక్క తెరిసమ్మ


పార్వతీపురం,
అక్టోబరు 11

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి చేతిలో పానా కింద పెట్టేశాను. నా మెకానిక్ షెడ్డులో రెండు బళ్ళు బ్రేకు పనికి నిలబడి ఉన్నాయి. వాటి డ్రైవర్లు నన్ను తిడుతున్నారు. తిట్టనీ. ముక్కులేనిది తిరుగుతోందా? ఇన్నేళ్ళు నిలబడి కూడా ఇంజను పట్టేయలేదంటే నాన్న దాన్ని ఆపే ముందు సిలిండర్లలో ఆయిలు పోసి ఉంటాడు. ఆయన తప్ప ఎవరూ అలా చెయ్యరు.

అట్టపెట్టెలో హెడ్ గాస్కెట్ ఉంది. రెడీమేడ్‌గా దొరకదు, రాగిరేకు తెచ్చి పాత కొలతల్తో నేనే కోశాను. నాలుగు అట్ట నమూనాలు పాడు చేశాక ఐదోది కుదిరింది. ఫిల్టర్లు వేరే బండివే గానీ సరిపోతాయి. బెల్టు కాస్త పొడుగు, ధర్మన్నని డైనమో బయటికి జరుపుకోమను. బ్రేకు రబ్బర్లు అన్ని సైజుల్లోనూ పెట్టాను. ఇది రాస్తుంటేనే చేతులు దురద పెడుతున్నాయి అక్కా.

కానీ నేను రాలేను. ఎందుకో నీకు తెలుసు. నాన్ననడక్కుండా తాళం తీసి, జనాన్ని ఎక్కించుకుని, ఘాట్ మలుపులో గట్టుకి కొట్టినవాణ్ణి నేను. ధర్మన్న చెయ్యి విరిగింది నా వల్ల. "ఈ స్టీరింగు నీ చేతికి రాదు" అని నాన్న నలుగుర్లో అన్నాడు. పదకొండేళ్ళయింది. ఆయన సమాధి దాకా వచ్చి, ఊళ్ళో అడుగు పెట్టకుండా అదే బస్సెక్కినవాణ్ణి. ఏ మొహంతో వస్తాను?

సామాన్లు మాత్రం ఎక్కడున్నా పట్టుకొస్తాను. అది నా పూచీ.

నీ తమ్ముడు
టైటస్


గుమ్మిపుట్టు,
అక్టోబరు 27

ప్రియమైన టైటస్‌కి,

నిన్న ఉదయం పూజ అయ్యాక ఇంజను పలికింది.

మొదట పొగ వచ్చింది, తరవాత దగ్గు. ధర్మ డీజిలు పంపు దగ్గర ఏదో విప్పి గాలి తీశాడు. మూడోసారికి అందుకుంది. షెడ్డు రేకులు గడగడలాడాయి. పొలాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. గురువుగారు పూజ వస్త్రాలతోనే వచ్చి నిలబడ్డారు. నేను క్యాబిన్‌లో ఇంజను మూత మీద చెయ్యి పెట్టాను. వెచ్చబడింది. చలికాలం సంతకి వెళ్ళేటప్పుడు దాని మీద కూర్చోవడానికి మనిద్దరం పోట్లాడుకునేవాళ్ళం. నేను కాసేపు అక్కడే కూర్చున్నాను.

ఆ సంతోషంలో ధర్మ గేరు వేశాడు. బండి కదలలేదు. కింద దూరి చూసి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి చెప్పాడు: వెనక చక్రాల్ని తిప్పే రెండు యాక్సిల్ రాడ్లూ లేవు. స్టీరింగు నుంచి ముందు చక్రాలకి వెళ్ళే రాడ్డు లేదు. బ్రేకు మాస్టర్ సిలిండర్ లేదు. ఎవరో విప్పారు. విప్పి, బోల్టులు మళ్ళీ వాటి చోట్లలోనే బిగించారు.

గురువుగారు ఒప్పుకున్నా, ట్రాక్టరు కట్టి లాగుదామంటే స్టీరింగూ లేదు, బ్రేకూ లేదు. గేటు ముందే దిగుడు, దాని కింద లోయ.

ముసలి యర్రమ్మ ఇంజను చప్పుడు విని కర్ర పట్టుకుని వచ్చింది. "మీ గుంటడు వత్తాడేటమ్మా?" అని అడిగింది. నువ్వు వస్తావో లేదో తెలియదన్నాను. పొలం నుంచి వచ్చిన ఫల్గుణ కూడా అదే అడిగాడు.

నువ్వు వస్తే బాగుంటుంది.

నీ అక్క
తెరిసమ్మ


పార్వతీపురం,
నవంబరు 9

ప్రియమైన అక్కా,

ఇంజను పలికిందని నీ ఉత్తరంలో చదివి షెడ్డులో అందరికీ టీలు పోయించాను. చదివింది మళ్ళీ చదివాను. తరవాత నాలుగు రోజులు మనిషిని కాను. విశాఖలో పాత బళ్ళు కోసే చోట్లన్నీ తిరిగాను. అక్కడ లేకపోతే రాత్రి బస్సెక్కి విజయవాడ ఆటోనగర్. అక్కడ దేవీప్రసాద్ గారని డెబ్బై దాటిన పెద్దాయన ఉన్నాడు. ముక్కులేని విదేశీ బండి అనగానే కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళకి దాని పేరెత్తినవాడివి నువ్వే బాబూ" అని నన్ను లోపలికి తీసుకెళ్ళి, ఇనుప గుట్ట మీదికి తానే ఎక్కాడు. వద్దంటే వినడు. ఇద్దరం మధ్యాహ్నం దాకా తవ్వాం. ఒక యాక్సిల్ రాడ్డు దొరికింది. గట్టిగా కేకేశాను, పక్క షాపుల వాళ్ళు వచ్చారు. కొలిస్తే అంగుళం పొట్టి.

అంగుళం, అక్కా. అక్కడే కూలబడ్డాను. పెద్దాయన మజ్జిగ తెప్పించి, "దొరికిందంటే ఇంకోటి ఉంటుంది, లే" అన్నాడు.

ఒక మాట. బోల్టులు బిగించారన్నావే, దొంగ బోల్టులు బిగించడు. విప్పింది నాన్నే. నేను ఇంటి నుంచి వెళ్ళిపోయాక ఆ సామాన్లు ఏ లోయలోనో పారేసి ఉంటాడు. నేను మళ్ళీ దొంగచాటుగా వచ్చి నడుపుతానని భయం. ఆయన కోపం అంత దూరం వెళ్ళిందని ఇప్పుడు తెలిసింది. పోనీలే. నాకు బండి కావాలి. సామాను భూమ్మీద ఎక్కడున్నా తెస్తాను.

నీ తమ్ముడు
టైటస్


గుమ్మిపుట్టు,
నవంబరు 16

ప్రియమైన టైటస్‌కి,

నీ కష్టం చదివి బాధపడ్డాను. నాన్న పారేశాడని నేను అనుకోను.

నీకు విత్తనాల సంగతి గుర్తుందా? చిన్నప్పుడే చదువుకి కొండ దిగావు, మరిచిపోయి ఉంటావు. మన ఊరు ఒకసారి తగలబడి సామలూ రాగులూ విత్తనంతో సహా పోయాయి. అప్పటినుంచి ఎవరూ విత్తనమంతా ఒక్క ఇంట్లో ఉంచరు. నాలుగైదు ఇళ్ళలో తలా కాస్త పెడతారు. పుచ్చుకున్న ఇల్లు ఆ మాట ఎవరికీ చెప్పదు. వానాకాలం తిండి లేని రోజుల్లో బంధువులే అడుగుతారు కాబట్టి అలా కట్టడి పెట్టుకున్నారు. పెట్టినవాడు గానీ, అతను ఎవరి పేరు చెప్పి పెట్టాడో ఆ మనిషి గానీ, గుమ్మం ముందు నిలబడి నోటితో అడగాలి. అప్పుడు ఇస్తారు. కబురు పెడితే ఇవ్వరు. ఇంకొకరు అడిగితే ఇవ్వరు.

నేను పోయిన ఆదివారం యర్రమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, నాన్న తన దగ్గర ఏమైనా పెట్టాడా అని అడిగాను. ఆమె పొయ్యిలోకి చూస్తూ, "అడగాల్సినోడు అడగాలి గానీ, నువ్వేటి తల్లీ" అంది. అంతే.

ఇంతకంటే చెప్పలేను. నువ్వు రా.

నీ అక్క
తెరిసమ్మ


పార్వతీపురం,
నవంబరు 26

ప్రియమైన అక్కా,

నువ్వు విత్తనాల కథ చెబుతున్నావు, నేను ఇనుము చెబుతున్నాను. యర్రమ్మకి వయసైంది, ఏదో అంటుంది. లారీ సామాన్లు ఎవరైనా ఇళ్ళలో దాస్తారా?

అసలు సంగతి విను. దొరికింది. రాయగడ దాటాక ఒక మిల్లు వెనక ఇలాంటి బండే పొదల్లో పడి ఉంది. తీగలు కోసి లోపలికి దూరాను. పాము ఉంది, అది వెళ్ళేదాకా ఆగి మళ్ళీ దూరాను. రెండు యాక్సిల్ రాడ్లూ ఉన్నాయి. స్టీరింగు రాడ్డు ఉంది. పొడవు టేపు పెట్టి మూడుసార్లు కొలిచాను, సరిగ్గా సరిపోయింది. అప్పుడే అరిచేశాను, మిల్లు వాళ్ళు పాము కరిచిందనుకున్నారు. మాస్టర్ సిలిండర్‌ని మాత్రం తుప్పు తినేసింది. దాన్ని వేరే బండిది కుదురుస్తాను.

రేపటి బస్సు మీద వస్తున్నాయి. ధర్మన్నని బిగించమను. మలుపుల్లో గేరు తగ్గించమను, నాకు చెప్పే అర్హత లేదు గానీ.

నేను రావలసిన పని లేదు చూశావా.

నీ తమ్ముడు
టైటస్


గుమ్మిపుట్టు,
డిసెంబరు 1

ప్రియమైన టైటస్‌కి,

రాడ్లు అందాయి. పొడవు సరిపోయింది. రాడ్డు చివర చెక్కిన పళ్ళ లెక్క వేరు. మన బండికి పదహారు, వీటికి పది. లోపలికి వెళ్ళవు. స్టీరింగు రాడ్డు బండి కింద పడి వంగి ఉందట, ధర్మ సరిచేస్తుంటే చీలిపోయింది.

ఇనుము వ్యాపారి గ్యాసు సిలిండర్లు తెచ్చి షెడ్డు గోడకి ఆనించి వెళ్ళాడు.

ధర్మ పని మానలేదు. దొరకని సామాను కోసం బండి కింద పడుకుని లైటు వేసి చూస్తూనే ఉన్నాడు. "ఏటి సేత్తన్నావు ధర్మా, చూస్తే మొలుస్తాయా?" అన్నాను. "నీ పెరట్లో మందారం మొలవలేదేటక్కా, అది కూడా నేను చూత్తేనే" అన్నాడు. ఎప్పుడూ ఇంతే.

నేను రేపు పాడేరు కాన్వెంటుకి వెళ్తున్నాను. వారం రోజుల ధ్యానం. ఎక్కువ మాట్లాడకూడదు, ఉత్తరాలు మాత్రం రాయనిస్తారు. ఇల్లు తాళం వేస్తాను.

నేను ఊళ్ళో ఉండను. నీ గురించి ఎవరికీ ఏమీ చెప్పను. నువ్వు వచ్చినా రాకపోయినా నా ప్రార్థనలో మార్పు ఉండదు.

నీ అక్క
తెరిసమ్మ


గుమ్మిపుట్టు,
డిసెంబరు 5

ప్రియమైన అక్కా,

పైన ఊరి పేరు చూశావా? నువ్వు ఊళ్ళో ఉండనన్నావు కాబట్టే వచ్చాను. నువ్వు ఉంటే నీ వెనక నిలబడేవాణ్ణి.

మొదట యర్రమ్మ ఇల్లు. గుమ్మం ముందు నిలబడి, మా నాన్న అహరోను నీ దగ్గర ఏమైనా పెట్టాడా అని అడిగాను. నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఇన్నాళ్ళకి కాళ్ళొచ్చాయేటిరా?" అంది. అటక మీద మొక్కజొన్న కంకుల మధ్య నుంచి గోనె చుట్ట దింపించింది. విప్పితే స్టీరింగు రాడ్డు, గ్రీజు పూసి. ఏటేటా విత్తనం ఎండబెట్టే రోజున దీనికీ గ్రీజు మార్చిందట. అక్కా, నాన్న ఏమన్నాడో కూడా చెప్పింది. "బండి ఎవడో కొనుక్కుపోతే నా కొడుకుకి మిగలదు. నడవకుండా సేసి ఉంచుతున్నాను. ఆడొత్తే ఆడికే ఇయ్యి, ఇంకెవులకీ వద్దు." అన్నాడట. నేను లోయలో పారేశాడనుకున్నాను కదా. అక్కడే గుమ్మం మీద కూర్చుండిపోయాను. యర్రమ్మ గంజి పెట్టింది.

ఫల్గుణ ఇంట్లో ఒక యాక్సిల్ రాడ్డు. అతనే భుజం మీద మోసి షెడ్డు దాకా తెచ్చాడు.

మూడో గుమ్మం ఎవరిదనుకున్నావు? ఊరంతా అడిగి చివరికి అతని ముందు నిలబడ్డాను. అన్నిటికంటే ఆ గుమ్మానికే భయపడ్డానక్కా, పదకొండేళ్ళుగా. ధర్మన్న బయటికి వచ్చి విరిగిన చెయ్యి నడుం మీద పెట్టుకుని చూశాడు. నేను ముందు చెయ్యి గురించే మాట్లాడబోయాను. "అది మూడు నెల్లకే అతికిందిరా. నువ్వు అడుగు, ఏటడగాలో అడుగు" అన్నాడు. అడిగాను. మంచం కింద నుంచి రెండో రాడ్డు లాగాడు. నెలన్నరగా అది మంచం కింద పెట్టుకుని, బండి కింద లైటు వేసి వెతికాడు చూడు. "దొంగ మొహమా" అంటే, "మాటిచ్చాను గదేటి. లైటేసి సూడొద్దని సెప్పలేదు మీ బాబు" అన్నాడు. ఇద్దరం నవ్వీ నవ్వీ అలసిపోయాం. తరవాత నేను కాస్త ఏడ్చాను, అతను బీడీ వెలిగించుకుని అటు తిరిగాడు.

సాయంత్రానికి మూడూ బిగించాం. గేరు వేస్తే చక్రం తిరిగింది. ఊరంతా అక్కడే ఉంది. ఇక మిగిలింది మాస్టర్ సిలిండర్ ఒక్కటే. నేను తెచ్చినది కుదరలేదు. బ్రేకు లేకుండా ఆ దిగుడు మీదికి బండి వదలను. ఇంకోసారి వదలను. ఎల్లుండి సాయంత్రమే గడువు.

ఊళ్ళో అన్ని గుమ్మాలూ అయిపోయాయి. మిగతా అందరూ లేదన్నారు. ఇప్పుడు నీ ఇంటి ముందు, తాళం వేసిన తలుపు దగ్గర, మెట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. గుమ్మం ముందే ఉన్నాను కాబట్టి అడుగుతున్నాను.

అక్కా, నాన్న నీ దగ్గర ఏమైనా పెట్టాడా?

టైటస్


పాడేరు,
డిసెంబరు 6

ప్రియమైన తమ్ముడు టైటస్‌కి,

గుమ్మం ముందు నుంచే అడిగావు కాబట్టి చెల్లుతుంది.

పెట్టాడు. దేవుడి పటం కింద బల్ల ఉంది కదా, దాని వెనక, నూనెగుడ్డలో. తాళంచెవి కవరులో పెట్టాను, కండక్టరు రేపు పొద్దుటి బస్సులో తెస్తాడు. రబ్బర్లు నువ్వు మొదట పంపినవాటిలోంచి ధర్మ చేత తీయించి అక్కడే పెట్టాను, చివరి సైజు సరిపోతుంది.

మిగతావి ఎవరి దగ్గర ఉన్నాయో నాకూ తెలియదు. నా దగ్గర ఉన్నది మాత్రం పదకొండేళ్ళుగా తెలుసు. నువ్వు విశాఖ, విజయవాడ, రాయగడ తిరుగుతున్నప్పుడూ తెలుసు. అంగుళం పొట్టి అని రాసిన రోజు చెప్పేద్దామని కలం తీశాను. జపమాల పూర్తయ్యేదాకా ఆగుదామనుకున్నాను. ఆ తరవాత చెప్పలేకపోయాను. చెబితే సామాను కోసం మనిషిని పంపేవాడివి, నువ్వు వచ్చేవాడివి కాదు. ఇది పాపమో కాదో ఇక్కడ గురువుగారిని అడిగాను. ఆయన ముందు బండి సంగతి ఏమైందో చెప్పమన్నారు.

అది నాకు ఇచ్చేటప్పుడు నాన్న నవ్వాడు. "బ్రేకు నీ దగ్గర ఉండాలి తెరిసా. ఆణ్ణి ఆపగలిగింది నువ్వొక్కదానివే" అన్నాడు. తరవాత నవ్వలేదు. "నలుగుర్లో అనకూడని మాట అన్నాను. ఆడొచ్చినప్పుడు నేనుండకపోతే, స్టీరింగు ఆడిదేనని సెప్పు" అన్నాడు. ఆయన చెప్పమన్నది చెప్పాను.

రేపు గేటు దాటాక షెడ్డు దగ్గర ఆగకు. ధర్మని పక్కన కూర్చోబెట్టుకుని ఇక్కడికి రా. ధ్యానం ఎల్లుండితో అయిపోతుంది. ఊరికి ఏ బస్సులో వెళ్తావని సిస్టర్లు అడిగారు. మా తమ్ముడు లారీ తెస్తాడని చెప్పాను.

నాకు తొందర లేదు. ఘాట్‌లో నెమ్మదిగా రా.

నీ అక్క
తెరిసమ్మ