స్టాప్ నంబరు 37లో ప్రయాణికుల లెక్క

స్టాప్ నంబరు 37,
ఇండియానా రాష్ట్రము,
9-2-1931

విద్యుత్ రైళ్ల కమిషనరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మార్చి 31తో నిలిపివేయనున్న కరెంటు బండిని ఆదివారములైనా నడిపించుట గురించి.

స్టాప్ నంబరు 37 కాపురస్తుడు, మొక్కజొన్న రైతు ఈనస్ ట్రాట్‌మన్ మనవి చేసుకొనునది ఏమనగా:

1. 1904లో ఈ బండి వచ్చిననాడు మేళం పెట్టించితిమి. పట్టాల కోసం మా నాయన పొలం అంచు ఉచితముగా రాసి ఇచ్చినాడు. చెయ్యి ఊపితే చాలు, గడప ముందర ఆగేది. మా ఊరికి వేరే పేరు లేదు, స్టాపు నంబరే పేరు. బండి పోయిన పిమ్మట మేము ఏ ఊళ్లో ఉన్నట్లో తమరే సెలవియ్యవలెను.

2. పట్టణంలో పట్టాలున్న వీధిని బాగుచేయించే భారం రైలు కంపెనీ మీదనే పెట్టినారు. నున్నగా అయిన ఆ వీధిలో ఇప్పుడు బస్సులు పరుగెత్తుచున్నవి. కంపెనీ కొరివితో తల గోక్కున్నది.

3. జనవరి 13, మంగళవారం తమ ఇన్‌స్పెక్టరు గారు లెక్క తీసినారు. స్టాప్ 37లో ఎక్కినవారు సున్నా అని రాసుకున్నారు. ఆ మాట నిజమే. ఆనాడు మేమందరమూ జిల్లా కచేరీకి పోయి, బండిని ఎత్తివేయరాదని సంతకాలు పెట్టితిమి. పోయినది కార్లలో. బండి మీద పోతే కచేరీ మూసేస్తారని పొరుగు రైతు క్లైడ్ నన్ను కూడా తన కారులో ఎక్కించుకున్నాడు. అయ్యా, ఆ స్టాపులో ఇప్పుడు ఎక్కేవాడిని నేనొక్కడినే. ఆ సున్నా నేనే.

4. నా భార్య హుల్డా రెండేళ్లుగా ఊపిరితిత్తుల ఆస్పత్రిలో ఉన్నది. చూడనిచ్చేది మంగళ, ఆదివారాలలో రెండు నుంచి నాలుగు వరకు. నాకు ఒక కన్ను కనిపించదు. కారు నేర్చుకోబోయి మొక్కజొన్న గాదె కూల్చితిని. బండి ఎత్తివేస్తే ఆమెను చూడలేను.

కావున ఆదివారానికి ఒక్క బండి చాలును. తీరిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఈనస్ ట్రాట్‌మన్

జత: 212 సంతకాలు. వీరిని ప్రయాణికులుగా లెక్కించవద్దు. అందరికీ కార్లున్నవి.

తా.క.: నాలుగో అంశం ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. ప్రతి ఆదివారం తన కారులో తీసుకుపోతానని క్లైడ్ మాట ఇచ్చాడు. ఇది దాచడం మర్యాద కాదు.

నిన్న హుల్డాతో చెప్తే మండిపడింది. నేను బండిలో ఉంటే, ఆస్పత్రి మలుపులో డ్రైవరు లెస్టర్ బండికున్న గాలి ఈల రెండుసార్లు మోగిస్తాడు. అది విని ఆమె లేచి తల దువ్వుకుంటుంది. నేను కచేరీకి పోయిన ఆ మంగళవారం కూడా అతను అలవాటు కొద్దీ మోగించాడట. పాపం, దువ్వుకుని నాలుగు దాకా కూర్చుంది.

"కారులో చప్పుడు లేకుండా వచ్చి నిలబడతావా? నలభై ఏళ్లలో తల దువ్వుకోకుండా నీకెప్పుడైనా కనబడ్డానా?" అంది. హారన్ కొట్టిస్తానన్నాను. ఆ బాతు కూత ఊళ్లో అందరికీ ఉందంది.

అందుచేత బండి ఇప్పించలేకపోతే, దాన్ని తుక్కు కింద వేసే ముందు ఆ ఈల నాకు ఇప్పించండి. టైర్లకు గాలి కొట్టే పంపుతో మోగించవచ్చని క్లైడ్ అంటున్నాడు. పంపు నేను కొడతాను.