అమ్మ పెంచిన చర్చి గడ్డి

శామీర్‌పేట

బిడ్డా ఝాన్సీ, నాయిన దీవెనలు.

అమ్మకు ఏమీ కాలేదు, కాలు బెణికింది. ఫోన్లో చెబితే సెలవు పెట్టి పరుగెత్తుకొస్తావని కార్డు రాస్తున్నాను. ఈస్టర్ ఆరాధనకని చర్చి ముందు తను పెంచుతున్న గడ్డి ఎండకు మాడితే, రోజూ తడిపి బతికించింది. మంగళవారం ఉన్నట్టుండి వడగళ్లు పడ్డాయి. టార్పాలిన్ కప్పబోయి జారింది. మర్నాటి నుంచి మళ్లీ ఎండే. కుర్చీలో కూర్చుని నాచేత నీళ్లు పట్టిస్తోంది. "గట్ల గుమ్మరిస్తే వేర్లు మురుగుతయ్, జర మెల్లగ పట్టయ్యా" అంటుంది.

ఆవకాయ అయిపోయిందా? వచ్చేటప్పుడు ఖాళీ సీసా తీసుకురా.

నిన్న సాయంత్రం అమ్మ నా భుజం పట్టుకుని గడ్డి మీద నాలుగడుగులు వేసింది. "సల్లగుంది. పండుగ నాడు బిడ్డ నా పక్కన నిలబడితే సాలు" అంది. ఆ నాటికి వచ్చెయ్యమ్మా.

ప్రభువు నిన్ను కాచి కాపాడాలి.

నాయిన సత్తయ్య