ట్రాక్టర్లాయన పౌరుషం

సత్తిబాబు బావా,

నువ్వు చనిపోయి ఈ రోజుకి ఏడాది. పొద్దున ఇక్కడ గల్ఫులో, మఫ్రఖ్‌లోని మన గ్యారేజీకి పాత ఇటలీ కారొకటి రంగుకి వచ్చింది. నీ ట్రాక్టర్లాయన కంపెనీదే. కత్తితో కోసినట్టుండే ఆ కారు ముక్కు డిజైను గీసినవాడు అప్పటికింకా కుర్రవాడేనని నువ్వు మురిసిపోయేవాడివి.

కారు ఓనరుకి టీ ఇప్పించి, మన మేనేజరు, అదే ముదీర్, నువ్వు చెప్పిన కథే ఎత్తుకున్నాడు. ట్రాక్టర్లు తయారుచేసే ఒకాయన, తను కొన్న కారు క్లచ్ బాగోలేదని ఆ కంపెనీ యజమానికే చెప్పాడట. "నువ్వెళ్లి ట్రాక్టర్లు తోలుకో" అన్నాడట యజమాని. ఆ పౌరుషంతో ఈయన సొంతంగా కార్ల కంపెనీయే పెట్టాడట.

"మగాడంటే అలా ఉండాలి సార్! ఈ కథ నాకెవరు చెప్పారో గుర్తు లేదు" అన్నాడు ముదీర్.

నేను పక్కనే బానెట్‌కి ఎమరీ పేపర్ రుద్దుతున్నాను. మాస్కులు పాడైపోయాయి, కొత్తవి ఇప్పించమని నువ్వడిగితే, "పెయింటరువి పెయింట్ కొట్టు, యల్లా, కానీ!" అన్నది ఆ నోరే.

"మాట పడ్డాక ఊరుకుంటామేంట్రా? ఆయన ఊరుకున్నాడా?" అని నువ్వు పని మానేశావు. వీసా రద్దయి ఇంటికెళ్లిపోయావు. రావులపాలెంలో సొంత షెడ్డుకి ముందే బోర్డు రాయించావు. షెడ్డు లేవకముందే దగ్గు నిన్ను తినేసింది. బోర్డు అక్క దగ్గరే ఉంది.

ఆ కథలో ఒక ముక్క నువ్వూ చెప్పలేదు, ముదీరూ చెప్పలేదు. పౌరుషం వచ్చిన రోజున ఆయన చేతిలో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. నీకు పౌరుషం వచ్చిన రోజున నీ పాస్‌పోర్టు కూడా ముదీర్ సొరుగులోనే ఉంది.