సొట్టల సింకు జోలికి వెళ్లొద్దు

ఏమండీ,

ప్లంబరు పదకొండింటికి వస్తాడు. గట్టు మీద రెండు చిన్న రాగి సింకులున్నాయి కదా, కూరగాయలు కడుక్కోవడానికి స్టవ్ పక్కన బిగించాల్సింది సొట్టల సింకు. నున్నటిది షాపువాళ్లకి తిరిగిచ్చేయండి. మీకు అదే నచ్చిందని తెలుసు. కానీ దానిమీద నా చేతిలోంచి గరిటె జారిపడితే చాలు, మీరు సుత్తి పట్టుకుని తయారవుతారు.

రెండోదానికి ఉన్నవి యాక్సిడెంట్ సొట్టలు కావు. చేసినవాళ్లు కావాలనే ఒక్కొక్కటీ కొట్టారు. కార్ల సొట్టలు తీసే మీలాంటి మేస్త్రీకి ఇది మింగుడుపడదని తెలుసు. నిన్న నేను స్నానం చేసి వచ్చేలోగా ఒక మూలంతా సాపు చేసేశారు! బట్టతలలా మెరుస్తోంది. ఆ మూల గోడవైపుకి పెట్టించండి. సుత్తి దాచేశాను.

అంతగా చేతులు ఊరుకోకపోతే మన స్టీలు బిందె ఉంది. ఊళ్లో కార్లన్నీ నున్నగా చేశారు గానీ, దాని సొట్టకి మాత్రం పదేళ్లుగా మోక్షం లేదు.

బస్సుకి టైమైంది, వెళ్తున్నా. అన్నం హాట్‌ప్యాక్‌లో ఉంది.

మర్చిపోయా: సుత్తి కోసం ఇల్లంతా పీకి పందిరెయ్యకండి. ఆ బిందెలోనే ఉంది.