పాట చివర గోవింద

1978 ఫిబ్రవరి 4, శనివారం
పొద్దుటి నుంచి షెడ్డులో మోత. మావాడు చంద్ర, వాడి ముగ్గురు జతగాళ్ళు. కరెంటు గిటార్లు, డ్రమ్ములు. లారీలు బాగుచేసే చోట ఈ గోలేమిటని పక్కవాళ్ళు అడుగుతారు. నా షెడ్డు, నా కొడుకు. వాళ్ళకేం నొప్పి?

సాయంత్రం భజన. పాట ముగియగానే గోవిందా అన్నాను. మందిరమంతా తిరిగి అంది. మా నాయన పోయినప్పటి నుంచి ఆ కేక నాదే.

ఫిబ్రవరి 8
రేపు మద్రాసు. వీళ్ళ మొదటి పెద్ద రికార్డు. సామాను నా వ్యానులో. "నువ్వెందుకు నాయనా, డ్రైవర్ని పంపు" అన్నాడు చంద్ర. నా బండి నేనే తోలతాను.

ఫిబ్రవరి 9
స్టూడియో. గోడలకు పరుపుల్లాంటివి కొట్టారు. నన్ను మూలన కూర్చోబెట్టి కదలొద్దన్నారు. కదల్లేదు.

ఆఖరి పాట కుదరదు. వాయించడం, ఆపడం, మళ్ళీ... సాయంత్రానికి కుదిరింది. చంద్ర గిటారు తీగ ఇంకా మోగుతోంది —

గోవిందా అన్నాను.

ఎవరూ తిరిగి అనలేదు.

అద్దం వెనక రికార్డింగు ఆయన తల పట్టుకున్నాడు. టేపులో పడిపోయిందట. మళ్ళీ వాయించే వీల్లేదు, గడువైపోయింది. బయట వేరేవాళ్ళు కాచుకుని ఉన్నారు.

"యాడుండావో సూసుకోవా నాయనా?" అన్నాడు చంద్ర. అంతే.

ఫిబ్రవరి 10
తిరుగు దారి. పుత్తూరులో టీకి ఆపాను. చంద్ర దిగలేదు. డ్రమ్ములు కొట్టే శీనడు దిగాడు. "పాడినోళ్ళల్లో నీ పేరూ ఏయిస్తాంలే మామా" అని నవ్వాడు. తర్వాత మెల్లగా — "టేపులో నీ గొంతు కోసేస్తే తీగ మోత కూడా పోతాది. ఏం జేస్తారో సూడాల."

పాట కుదిరితే గోవింద అనాలి. నాదేం తప్పు?

ఫిబ్రవరి 11, శనివారం
భజనకు పోలేదు.

ఏప్రిల్ 20
రికార్డు వచ్చింది. అట్ట మీద నా షెడ్డు, ముందు నలుగురూ. శీనడి ఇంట్లో పెట్టారు. చంద్ర పిలవలేదు, శీనడు పిలిచాడు. పోయాను.

ఆఖరి పాట. తీగ మోగుతుండగా పోదామని లేచి చెప్పులు వేసుకున్నాను. నా గొంతు... గోవిందా. తర్వాత రికార్డు మీద ముల్లు గరగర.

"కొయ్యలేదేంరా?" అన్నాను.

"తీగ తెగిపోతాదని" అన్నాడు చంద్ర, నా వైపు చూడకుండా.

అందుకేనా అని అడగబోయాను.

వాడే మళ్ళీ ముల్లు ఎత్తి అదే పాట పెట్టాడు. చెప్పులు విప్పి కూర్చున్నాను. నా కేక వచ్చింది. వాడి పెదవులు కదిలాయి. తిరిగి అన్నాడో, అనలేదో... ఆ గరగరలో వినపడలేదు.