బండి ఖాళీ అయిందా?

సిరిసిల్ల, జనవరి

ప్రియమైన బావ వెంకటికి,

నీ మెడ మీదికి నువ్వే కాడి ఎత్తుకుంటవా? సూటిగ అడుగుతున్న, సూటిగ చెప్పు. హబీబుద్దీన్ సేటు దగ్గర డ్రైవర్ కొలువు మానేసి, నిజామాబాద్‌ల ఎవరిదో లారీ లీజుకు తీసుకుంటున్నవని చెల్లె సత్యవ్వ చెప్పింది. నెలనెల వాళ్లకు కట్టాలె. డీజిలు నీదే, టైర్లు నీయే. ఐదేండ్లు కడితే లారీ నీ పేరు మీదికొస్తది. గంతేనా?

బైబిలు తెరిచి యాకోబు సంగతి చదువు. పిల్ల కోసం మామ లాబాను దగ్గర ఏడేండ్లు కొలువు చేసిండు. ఏడేండ్లు నిండినంక చూస్తే పక్కన వేరే పిల్ల! మళ్ల ఏడేండ్లు. లీజు కాయితం రాసేటోడు ఎప్పటికీ లాబానే బావా. యాకోబుకు దేవుడు మందలన్న ఇచ్చిండు. నీకు అరిగిన టైర్లు మిగులుతయి.

జీతం డ్రైవరుకు ఇంట్ల ఆపతి వస్తే సేటు ఇంకొకణ్ని పంపుతడు. లీజు బండికి సేటువు నువ్వే, డ్రైవరువు నువ్వే. నిన్ను విడిపించేటోడెవడు? మా చెల్లెకు కిడ్నీలు పోయినయి. మంగళారం, శుక్రారం జగిత్యాలకు తోల్కపోయి డయాలసిస్ చేయించాలె. ఆటో ఎక్కాలన్నా ఆమెకు ఒకరి చెయ్యి కావాలె, నీ బిడ్డ వర్ష ఇంకా చిన్నపిల్లనే. ఆ చెయ్యి స్టీరింగు మీద ఉంటే ఎట్ల?

మరమగ్గాల షెడ్డుల, సాంచాల చప్పుడుల కూసొని రాస్తున్న, అందుకే మాట గట్టిగొచ్చింది. కోపం కాదు.

ప్రభువునందు నీ బావ,
దేవదాస్

కోరుట్ల, ఫిబ్రవరి

ప్రియమైన దేవదాస్ బావకు,

నీ ఉత్తరం రుద్రంగిల ముత్తయ్య చాయ్ హోటల్ల అందింది. చదువుతుంటే నువ్వు మైకు పట్టుకొని వాక్యం చెప్పుతున్నట్టే ఉంది. "గీ జమానల ఉత్తరాలేంది, మీ బావ ఫోన్ల తిట్టడా?" అని ముత్తయ్య నవ్విండు. "ఫోన్ల తిడితే కట్ చేస్తనని ఆయనకెరుక" అన్న.

సేటు మంచోడే. కాని ఎటు పొమ్మంటే అటు పోవాలె. పోయిన నెల ఒక శుక్రారం మా ఇంటి ముంగటి నుంచే లోడు తీస్కపోయిన. సత్యవ్వ గడపల నిలబడి చెయ్యి ఊపింది. పక్కింటి వహీదాబీ ఆమెను దవాఖానకు తోల్కపోయింది. లీజు బండైతే ట్రిప్పు నా ఇష్టం. మంగళారం, శుక్రారం బండి ఇంటి ముంగటనే ఉంటది. లారీ నాది కావాలని కాదు బావా, ఆ రెండు రోజుల కోసమే సంతకం పెడుతున్న.

మా ఇంటి కట్టుబాటు నీకెరుకే. బండి లోడు మీద ఉంటే ఇంటి నుంచి ఫోన్ రావద్దు. అప్పట్ల ఘాటు దిగుతుంటే ఫోన్ మోగింది, అటు చూసిన, బండి లోయ అంచుకు పోయింది. అప్పటి సంది, ఖాళీ చేసినంక నేనే చేస్త, ఆమె ఎదురుచూస్తది. "మీ అన్న వాక్యం కంటె నా మాటనే పట్టుగ పాటిస్తవు" అని సత్యవ్వతోని అని నవ్విన. "ఆయన సాంచాల మీద నిలబడి తిడ్తడు, పడడు. నువ్వు లోయల పడ్తవు" అన్నది.

బండిని కొండగట్టు అంజన్న దగ్గరికి తీస్కపోత. నువ్వు ప్రార్థన చెయ్యి. ఇద్దరు కాపాడితే తప్పేంది? గరం కాకు.

నీ బావ,
వెంకటి

సిరిసిల్ల, ఏప్రిల్

ప్రియమైన బావా,

నిన్న శుక్రారం. కోరుట్లకు పోయిన. మీ ఇంటి ముంగట బండి లేదు.

చెల్లె పాదాలను చీర కింద దాచుకుంది. జరిపి చూసిన. వేలు పెట్టి ఒత్తితే గుంట పడ్డది, తొందరగ నిండలే. "జగిత్యాలకు పోలేదా?" అని అడిగిన. "వహీదాబీ బిడ్డ కాన్పుకు పోయింది అన్నా, మంగళారం పోత" అన్నది. నేనే ఆటోల తోల్కపోయిన. తోవల అడిగిన, వెంకటికి చెప్పినవా అని.

"బండి లోడు మీద ఉంది."

"ఖాళీ అయినంక?"

"ఖాళీ అయితే ఆయనే చేస్తడు గద."

ఎన్నడు చేసిండే అంటే, మామిడితోటల దిక్కు మొకం తిప్పుకుంది.

లాబాను పేరు ఎత్తను. నేను చేస్తే నువ్వు ఎత్తవు. ఆమెకు ఫోన్ చెయ్యి.

దేవదాస్

నాగపూర్, మే

ప్రియమైన దేవదాస్ బావకు,

ముత్తయ్య మన దిక్కు బండిల పంపిన నీ ఉత్తరం ఈడ దాబల అందింది. జగిత్యాల మామిడి ఢిల్లీకి తోలుతున్న. ఆగరాదు, ఎండకు కాయ మెత్తబడితే దించుకోరు. దించంగనే ఆడనే తిరుగు లోడు ఎక్కిస్తున్న. ఖాళీగ వస్తే డీజిలు మీద పడుతది, లీజు కిస్తు ఆగదు. ఎన్కట ఖాళీ బండి అంటే ఇంటికి ఫోన్. ఇప్పుడు ఖాళీ బండి అంటే భయం. "మళ్ల లోడైంది" అని మెసేజ్ పెడుతున్న. "మంచిది, పైలం" అని పెడుతది. ఏం చెప్పుతలేదంటే బాగనే ఉన్నదనుకున్న.

నీ ఉత్తరం చదివి బండి పక్కకు పెట్టి ఫోన్ చేసిన. "లోడు మీద ఉండి ఎందుకు చేసినవు? ముందల చూసి నడుపు" అని కోపం చేసి పెట్టేసింది. గొంతు గట్టిగనే ఉంది బావా.

మామిడి అయిపోంగనే బండి వాపసు ఇచ్చేస్త. ఒట్టు. గప్పటిదాక నీ చెల్లెను చూస్కో.

నీ బావ,
వెంకటి

సిరిసిల్ల, జూన్

ప్రియమైన వెంకటి బావా,

నాగపూర్ పోయే డ్రైవరు చేతికి ముత్తయ్య ఈ ఉత్తరం ఇస్తుండు. నా ఫోన్ ఎట్లాగు ఎత్తుతలేవు.

సత్యవ్వను మట్టిల పెట్టినంక మూడో రోజే బండెక్కి పోయినవు. మామిడి అయిపోయింది, వానలు పడుతున్నయి, బండి వాపసు ఇయ్యలే. ఎందుకో నాకెరుక. తిరిగినంత సేపు ఆమె ఇంట్ల నీ ఫోన్ కోసం చూస్తున్నట్టే ఉంటది. దిగితే గడప దాటాలె.

నీ బిడ్డ వర్ష మా ఇంట్లనే ఉంది. ఇన్నొద్దులకు నోరు తెరిచింది. నేను చెప్పరాదనుకున్న, కాని చెప్పకుంటే నువ్వు దిగవు.

"ఆ రోజు అమ్మకు దమ్ము వచ్చింది మామా, ఊపిరి ఆడలే. ఫోన్ చేతుల పట్టుకొని గోడకు ఒరిగింది. నాన్నకు చేస్తనంటే వద్దన్నది. బండి ఖాళీ అయిందా, చూడు బిడ్డా, మెసేజ్ చూడు అని అడుగుకుంటనే ఉంది. చూసిన. మళ్ల లోడైంది అనే ఉంది. అప్పుడు నీకు చేసిన."

నేను వచ్చేసరికి ఏమున్నది బావా.

ఇప్పుడు ఆ ఫోన్ వర్ష చేతుల ఉంది. పొద్దుగూకంగ సాంచాల షెడ్డు మెట్ల మీద కూసుంటది. "మామా, నాన్న బండి ఖాళీ అయిందా?" అంటది. నువ్వే చెయ్యరాదు బిడ్డా అంటే, "లోడు మీద ఉంటడు, చెయ్యద్దు" అంటది. నిన్న జరంతోని ఒళ్లు కాలిపోయింది పిల్లకు. నీకు చెప్పద్దని నాతోని మాట తీసుకుంది. అచ్చం తల్లే.

తొంభైతొమ్మిది గొర్లను ఆడనే విడిచి, తప్పిపోయిన ఒక్కదాని కోసం ఉరికిన కాపరి సంగతి కథలాపూర్‌ల చెప్పిన, రుద్రంగిల చెప్పిన, గొంతు పోయేదాక చెప్పిన. ఆ కాపరి, మంద అమ్ముడుపోనీ, అటెన్క చూస్త అనలే. నాకు ఇంకో ప్రసంగం రాదు.

లే బావా! లోడు దించు. తిరుగు లోడు ఎక్కించకు. బండి ఎవరిదో వాళ్లకు అప్పజెప్పి బస్సెక్కు. రేపు కాదు, కిస్తు నాటికి కాదు, ఇయ్యాల. దానికంటె ముందు, ఈ కాయితం మడవకముందే, వర్షకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పు: బండి ఖాళీ అయింది బిడ్డా, వస్తున్న అని.

నీ తొవ్వ చూస్తున్న,
దేవదాస్

పిల్ల మెట్ల మీద కూసున్నది. ఫోన్ చెయ్యి, ఇప్పుడే.