మొసలి అప్పాయమ్మ గారు

హైదరాబాదు,
2-7-1998

మ్యూజియం కమిటీ అధ్యక్షులు భీమరాజు గారికి సుప్రియ నమస్కరించి వ్రాయునది.

మీ లంకలపేట ప్రకృతి మ్యూజియానికి కొత్త ప్లాను గీసి దీనితో పంపుతున్నాను. గడ్డి కూరిన జంతువులన్నిటినీ ఇప్పుడున్నట్టు రేషన్ షాపు క్యూలా నిలబెట్టవద్దు. గుమ్మం దగ్గర గోదావరి మొదలవ్వాలి. అక్కణ్ణించి కాలవ గట్టు, వరి చేను, మడ అడవి, చివరికి సముద్రం. ఏ జంతువు ఎక్కడ బతుకుతుందో అక్కడే ఉండాలి. ప్రతిదాని పక్కన ఒక బోర్డు: పేరు, ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది. అంతే.

కార్తీకమాసంలోగా తెరవకపోతే మున్సిపాలిటీ వారు ఆ భవనాన్ని కల్యాణమండపం చేసేస్తారని మీరే చెప్పారు. నాకు ఇది మొదటి మ్యూజియం. దయచేసి ప్లాను దాటవద్దు.

మీ మీద కొండంత నమ్మకంతో,
సుప్రియ

తా.క.: పులి మీద ఆరేసిన తుండుగుడ్డ తీయించగలరు.

లంకలపేట,
20-7-1998

అమ్మాయి సుప్రియకు భీమరాజు ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. వానలు పడి వరి ఊడ్పులు మొదలయ్యాయి.

నీ బోర్డులు పూర్తయ్యాయమ్మా. ఊళ్ళో ఒక్కో కుటుంబం ఒక్కో జంతువు ఖర్చు పెట్టుకుంది. గుడిలో ఫ్యాను రెక్కల మీద, ఆస్పత్రి బెంచీల మీద దాతల పేర్లు వేసే సామ్యేలు చేతే రాయించాను. నువ్వు చెప్పిన మూడు ముక్కల్లో ఒక్కటీ తప్పిపోలేదు. మచ్చుకి మొసలి బోర్డు చూడు:

"కీ.శే. అప్పాయమ్మ గారు. ఉండేది: కాలవ గట్టు. తినేది: పులస పులుసంటే ప్రాణం. ఇట్లు కుమారులు, మనవలు."

పులి మా మున్సిపల్ చైర్మన్ శివరామకృష్ణ గారి పోయిన నాన్నగారికి వెళ్ళింది. "ఉండేది: మేడ మీద. తినేది: పథ్యం." చదివిన వాళ్ళందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

నీ శ్రేయోభిలాషి,
భీమరాజు

తా.క.: తుండుగుడ్డ మన వాచ్‌మన్ ముసలయ్యది. పులి మీంచి తీయించాను. ఇప్పుడు అడవిపంది మీద ఆరేస్తున్నాడు.

హైదరాబాదు,
27-7-1998

భీమరాజు గారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ చదివాను. ఏమీ మారలేదు.

బోర్డు మీద ఉండాల్సింది జంతువు పేరండీ, పోయినవాళ్ళ పేరు కాదు! రేపు బడిపిల్లలు వచ్చి, మొసలికి పులస పులుసంటే ప్రాణమని పరీక్షలో రాస్తే ఎవరు బాధ్యులు? దాతలందరి పేర్లూ కలిపి గేటు దగ్గర ఒక్క రాయి మీద చెక్కించండి. ఈ బోర్డులు మాత్రం ఇవాళే పీకించండి.

కాస్త కంగారుతో,
సుప్రియ

తా.క.: పులి పథ్యం తినదు.

లంకలపేట,
10-8-1998

అమ్మాయి సుప్రియకు దీవెనలు.

అంత కోపం మంచిది కాదు తల్లీ, వేడి చేస్తుంది. రాయి మాట కమిటీలో పెట్టాను. దాని మీద ముందు ఎవరి పేరు రావాలో తేలక టిఫిన్ కూడా తినకుండా లేచిపోయారు. కాబట్టి బోర్డులే ఖాయం.

అసలు చిక్కు వేరే ఉంది. నీ ప్లానులో మొసలి పక్కన నీటికుక్క ఉంది. నీటికుక్క కీ.శే. పెద్దింట్లమ్మ గారిది. ఆవిడకీ అప్పాయమ్మ గారికీ చేలకి నీళ్ళు పారే బోదె గట్టు దగ్గర తగాదా, ఇరవై ఏళ్ళు మాటల్లేవు. పోయాక పక్కపక్కన నిలబెట్టడం న్యాయమా చెప్పు? అందుకని నీటికుక్కని వరి చేలోకి మార్చాం. అక్కడి కొంగ వాళ్ళ వియ్యాలవారిది, మర్యాదకి లోటుండదు. అడవిపంది వాళ్ళకి ఊళ్ళో ఎవరితోనూ పడదు. దాన్ని సముద్రంలో పెట్టాం.

రమ్యశ్రీ అని మా వీధి కోడలు అత్తగారి పేరు మీద ఏరికోరి కొండచిలువని తీసుకుంది. "ఆవిడ ప్రేమ అలాంటిదండీ, ఊపిరాడనిచ్చేది కాదు" అంది.

నీ పని మీదే తిరుగుతున్న,
భీమరాజు

తా.క.: నక్కని ఎవరూ ముట్టుకోలేదు. చివరికి కాంట్రాక్టరు అశోక్ గారి పేరు మీద ఆయన పార్ట్‌నర్ రాయించాడు. అశోక్ గారు బతికే ఉన్నారు. సామ్యేలు అలవాటు కొద్దీ ముందు కీ.శే. వేసేశాడు.

హైదరాబాదు,
18-8-1998

అధ్యక్షుల వారికి,

నమస్కారం రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. సముద్రంలో అడవిపందా? ఎండనక వాననక మీ కాలవల వెంట, మడ అడవుల్లో మోకాలి లోతు బురదలో తిరిగి గీశానండీ ఆ ప్లాను. మీ ఉత్తరం పట్టుకుని ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను.

కార్తీకం దాకా కూడా ఆగకుండా వచ్చే వారమే మీ కౌన్సిల్లో కల్యాణమండపం తీర్మానం వస్తోందని పేపర్లో చూశాను. పోతే పోనీ అనుకుందామన్నా మనసొప్పడం లేదు. రొయ్యల చెరువులొచ్చాక ఆ నీటికుక్కలు మీ కాలవల్లో కనబడ్డం మానేశాయి. పిల్లలకి చూపించడానికి ఆ ఒక్కటే మిగిలింది. అది చెత్తబండి ఎక్కుతుంటే నేను చూడలేను. ఈ ప్రాజెక్టు నుంచి నా పేరు తీసేయండి.

ఇక సెలవు,
సుప్రియ

తా.క.: తీసేసిన నా పేరు ఏ జంతువుకీ పెట్టవద్దు.

లంకలపేట,
29-8-1998

తల్లీ సుప్రియా,

ఈ ఉత్తరం చింపకుండా చివరిదాకా చదువు.

నిన్న కౌన్సిల్లో తీర్మానం పెట్టారు. పారేయాల్సిన సామాను ఏంటో చదవమన్నారు. గుమాస్తా పాపం బోర్డుల మీద ఉన్నది ఉన్నట్టు రాసుకొచ్చాడు. "మొదటిది, కీ.శే. అప్పాయమ్మ గారు" అన్నాడు. వార్డు మెంబరు యుగంధర్ లేచి, "మా నాయనమ్మని చెత్తబండెక్కిస్తారాండీ?" అని బల్ల గుద్దాడు. పెద్దింట్లమ్మ గారి అబ్బాయి కూడా మెంబరే. బోదె గట్టు తగాదా మరిచిపోయి వెళ్ళి అతని పక్కన నిలబడ్డాడు. గుమాస్తా ఆగకుండా, "తర్వాత చైర్మన్ గారి నాన్నగారు" అన్నాడు.

చైర్మన్ గారు కాగితం లాక్కుని, "ఈ తీర్మానం ఎవడు పెట్టాడయ్యా?" అన్నారు.

"తమరేనండి" అన్నాడు గుమాస్తా.

తీర్మానం వీగిపోయింది. మ్యూజియం మనదే.

ఇక నిజం చెబుతాను. నీ మొదటి ఉత్తరం నాకు మొదటిసారే అర్థమైంది. అడవిపంది సముద్రంలో ఉండదని చంటిపిల్లాడికీ తెలుసు. కానీ నువ్వు చెప్పిన బోర్డులు చదివేది పిల్లలు. వాళ్ళకి ఓట్లు లేవమ్మా. ఈ ఊళ్ళో చచ్చిన మొసలి కోసం ఎవడూ బల్ల గుద్దడు, చచ్చిన నాయనమ్మ కోసం గుద్దుతాడు. ముందే చెబితే నువ్వు ఒప్పుకునేదానివి కాదు. నువ్వు ఏడ్చావని చదివి ఆ పూట నాకు అన్నం సయించలేదు. పెద్దవాణ్ణి, క్షమించు.

ఇప్పుడు నీ బోర్డులు పంపించు. పైన పెద్దక్షరాలతో నీవి, కింద చిన్నగా వాళ్ళవి. ఎవరూ కాదనరు. మొసలి పక్కనే నీటికుక్క ఉంటుంది. కౌన్సిల్లో కొడుకులూ మనవలూ కలిసి నిలబడగా లేనిది, గాజుపెట్టెలో పెద్దవాళ్ళు నిలబడలేరా? నీ పేరు నేను తీయలేదు, తీయను. ప్రారంభానికి ముందు రోజే వచ్చేయి, మా ఇంట్లోనే భోజనం.

నీ రాక కోసం చూస్తూ,
భీమరాజు

తా.క.: చైర్మన్ గారు తన పేరు మీద కూడా ముందుగానే ఒక జంతువుని అట్టిపెట్టమంటున్నారు. పులి పక్కనే కావాలట, చూడగానే హుందాగా ఉండాలట. మిగిలింది సీసాలో వానపాము ఒక్కటే. డిజైనరువి నువ్వు కాబట్టి, ఆ సంగతి ఆయనకి నువ్వే ఉత్తరం రాయాలి.